గంజాయి నూనె: ఏ దారిన ఇస్తే ఏమవుతుంది?

రోగి బంధువులు తప్పక తెలుసుకోవలసిన విషయాలు

క్యాన్సర్ వార్డులో పనిచేసే మమ్మల్ని బంధువులు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. డాక్టరుగారు రౌండ్సు ముగించుకుని వెళ్ళాక, పక్క మంచం వాళ్ళకు వినపడకుండా మెల్లగా అడుగుతారు. “సిస్టర్, గంజాయి నూనె వేస్తే గడ్డ కరిగిపోతుందట కదా! నాలుక కింద వేయాలా, అన్నంలో కలిపి పెట్టాలా?” అని.

ఇలా అడగడంలో తప్పేమీ లేదు. ఇంటి మనిషి నొప్పితో ముడుచుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేము. ఎవరు ఏది చెప్పినా చేసి చూద్దామనిపిస్తుంది. అయితే ఎవరికీ చెప్పకుండా ఇవ్వడం వల్లనే ఎక్కువ ప్రమాదాలు జరుగుతున్నాయి. అందుకే ఈ నూనె గురించి, అది శరీరంలోకి వెళ్ళే దారుల గురించి వివరంగా తెలుసుకుందాం.

మూడు రకాల నూనెలు – ఒకే పేరు

“గంజాయి నూనె” అనే మాటను జనం మూడు వేర్వేరు వస్తువులకు వాడుతున్నారు. ముందుగా వీటి తేడా తెలుసుకోవాలి.

1. గింజల నూనె: ఇది గంజాయి జాతి మొక్క గింజల నుండి తీసిన వంటనూనె వంటిది. ఇందులో మత్తు పదార్థం దాదాపు ఉండదు. ఈ గింజలను, నూనెను ఆహారంగా అమ్ముకోవడానికి మన దేశ ఆహార భద్రతా సంస్థ 2021లో నియమాలు ప్రకటించింది. ఇది ఆహారమే గాని క్యాన్సర్ మందు కాదు.

2. సి.బి.డి. నూనె: గంజాయి మొక్కలో ఉండే రసాయనాలలో సి.బి.డి. ఒకటి. ఇది మత్తు కలిగించదు. కాని లివర్ మీద, ఇతర మందుల మీద ప్రభావం చూపుతుంది.

3. చిక్కటి గంజాయి నూనె: గంజాయి పూత మీద ఉండే జిగురును లాగి తీసిన నల్లటి, బంకలాంటి పదార్థం ఇది. దీన్నే హాష్ ఆయిల్ అంటారు. విశాఖ ఏజెన్సీ ప్రాంతంలో పట్టుబడిందని మనం పత్రికల్లో చదివేది దీని గురించే. ఇందులో టి.హెచ్.సి. అనే మత్తు పదార్థం చాలా ఎక్కువ మోతాదులో ఉంటుంది.

కెనడాకు చెందిన రిక్ సింప్సన్ అనే వ్యక్తి 2003లో తన చర్మ క్యాన్సర్‌కు ఇలాంటి నూనె రాసుకున్నానని, తగ్గిపోయిందని చెప్పి ప్రచారం చేశాడు. ఆయన డాక్టరు కాదు. 90 రోజుల్లో 60 గ్రాముల నూనె తీసుకోవాలన్న పద్ధతి ఆయన ప్రచారం చేసినదే. ఫోన్లలో మీకు వచ్చే సందేశాలలో చాలావాటికి మూలం ఇదే. ఈ వ్యాసంలో చెప్పబోయేది ముఖ్యంగా ఈ చిక్కటి నూనె గురించి.

ఏ దారిన ఇస్తే ఏం జరుగుతుంది?

ఒకే నూనె అయినా, శరీరంలోకి వెళ్ళే దారిని బట్టి పనిచేసే తీరు మారిపోతుంది. ఎప్పుడు మొదలవుతుంది, ఎంతసేపు ఉంటుంది, ఎంత గట్టిగా పట్టుకుంటుంది అనేవన్నీ దారి మీదే ఆధారపడి ఉంటాయి.

నోటి ద్వారా మింగించడం

బంధువులు ఎక్కువగా చేసేది ఇదే. అన్నం ముద్దలోనో, అరటిపండులోనో, నెయ్యిలోనో కలిపి పెడతారు. మింగిన నూనె పొట్టలోకి, పేగుల్లోకి వెళ్ళి, అక్కడి నుండి లివర్‌కు చేరుతుంది. లివర్ దానిలో చాలా భాగాన్ని విరగ్గొడుతుంది. కాని విరగ్గొట్టేటప్పుడు టి.హెచ్.సి. కంటే గట్టిగా మెదడు మీద పనిచేసే మరో పదార్థం తయారవుతుంది. అందుకే మింగినప్పుడు వచ్చే మత్తు, పొగతాగినప్పుడు వచ్చే మత్తు కంటే బరువుగా, ఎక్కువసేపు ఉంటుంది.

ఇది పనిచేయడం మొదలుపెట్టడానికి అరగంట నుండి రెండు గంటలు పడుతుంది. పూర్తి ప్రభావం రెండు నుండి నాలుగు గంటల మధ్య కనిపిస్తుంది. ఆరు, ఎనిమిది గంటలు ఉంటుంది. వృద్ధులలో, బాగా నీరసించినవారిలో మర్నాటి వరకు కూడా మగత ఉండవచ్చు. నెయ్యి, నూనె ఉన్న భోజనంతో ఇస్తే రక్తంలోకి మరింత ఎక్కువగా చేరుతుంది.

ఎక్కువ మంది చిక్కుల్లో పడేది ఈ ఆలస్యం వల్లే. గంట గడిచినా ఏమీ కనిపించదు. “పనిచేయలేదు కాబోలు” అనుకుని ఇంకొంచెం పెడతారు. తరువాత మొదటిది, రెండోది కలిసి ఒకేసారి పైకి వస్తాయి. ఒక పెద్దాయనకు కొడుకు రాత్రి భోజనంలో ఇలాగే రెండుసార్లు పెట్టాడు. తెల్లవారి ఎంత లేపినా ఆయన లేవలేదు. ఆసుపత్రికి తెచ్చినప్పుడు బి.పి. బాగా పడిపోయి ఉంది. జబ్బు ముదిరిపోయిందేమోనని ఇంటివాళ్ళంతా ఏడుస్తున్నారు. నూనె సంగతి కొడుకు చెప్పాక మాకు అసలు కారణం తెలిసింది. సెలైను పెట్టి రెండు రోజులు కనిపెట్టుకుని ఉంటే ఆయన కోలుకున్నారు. ఆ కొడుకు వెంటనే చెప్పి ఉంటే, తల స్కాన్‌తో సహా కొన్ని పరీక్షలు తప్పేవి.

నాలుక కింద వేయడం

నాలుక కింద పలుచని పొర, దాని కింద సన్నటి రక్తనాళాలు ఉంటాయి. గుండెనొప్పి వచ్చినప్పుడు పెట్టుకునే బిళ్ళ అక్కడి నుండే వేగంగా రక్తంలోకి వెళుతుంది. ఈ నూనె కూడా అలాగే వెళుతుందని చాలామంది అనుకుంటారు. కాని ఇది జిగురుగా ఉండి, నీటిలో కరగని పదార్థం. ఎంతసేపు పెట్టినా చాలా భాగం ఉమ్మితో కలిసి లోపలికి పోతుంది. అంటే సగం మింగించినట్టే. కొంత త్వరగా, కొంత ఆలస్యంగా పనిచేస్తుంది గనుక లెక్క మరింత తప్పుతుంది. కీమోథెరపీ వల్ల, రేడియేషన్ వల్ల నోరు పుండ్లు పడినవారికి ఈ బంక మంట పుట్టిస్తుంది. నోట్లో అతుక్కుపోతే శుభ్రం చేయడం కూడా కష్టమే.

పొగ లేదా ఆవిరి పీల్చడం

పీల్చినది ఊపిరితిత్తుల నుండి నేరుగా రక్తంలోకి, నిమిషాలలో మెదడుకు వెళుతుంది. రెండు నుండి నాలుగు గంటలలో తగ్గుతుంది. త్వరగా పనిచేస్తుందన్న మాట నిజమే గాని, పొగలో పొగాకు పొగలో ఉన్నట్టే తారు, మసి ఉంటాయి. కీమో తీసుకునేవారికి తెల్లకణాలు తగ్గి ఉంటాయి. గంజాయి పూతలో ఉండే బూజు వల్ల అటువంటివారికి ప్రమాదకరమైన ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు.

బ్యాటరీతో పనిచేసే గొట్టాలలో నూనెను వేడిచేసి ఆవిరి పీల్చడం మంచిదని కొందరు చెబుతారు. 2019లో అమెరికాలో ఇలా పీల్చినవారిలో తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వారిలో చాలామంది పీల్చినది బయట కొన్న గంజాయి నూనె. దానిలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అనే పదార్థమే ముఖ్య కారణమని తేలింది. చిన్న వార్డులోగాని, ఇంటి గదిలోగాని పొగతాగితే ఆ పొగ పక్కవారికీ, పిల్లలకూ వెళుతుంది. ఆక్సిజన్ పెట్టి ఉన్నచోట నిప్పు వెలిగిస్తే అంటుకుంటుందని కూడా మరచిపోవద్దు.

చర్మం మీద రాయడం

ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద రాస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. కాబట్టి మత్తు రాదు. లోపల ఉన్న గడ్డకు అది చేరదు కూడా. రొమ్ము మీద, మెడ మీద చిట్లిన పుండ్లకు కొందరు ఈ నూనె పూస్తున్నారు. ఇది చేయకండి. పుండుకు శుభ్రత కావాలి, తేమ, చీము పీల్చుకునే కట్టు కావాలి. దుర్వాసన ఉంటే డాక్టరుగారు మెట్రోనిడజోల్ వంటి మందు రాస్తారు. నల్లటి బంక పూస్తే పుండు ఎలా ఉందో మాకు కనబడదు, కట్టు విప్పేటప్పుడు రక్తం కారుతుంది.

మలద్వారం గుండా పెట్టడం

“ఈ దారిలో మత్తు రాదు, ఎంతైనా ఇవ్వవచ్చు” అని ప్రచారం ఉంది. మత్తు రాకపోవడానికి కారణం, మామూలు టి.హెచ్.సి. ఆ దారిలో రక్తంలోకి సరిగా చేరకపోవడమే. చేరని మందు గడ్డ దగ్గరకు ఎలా వెళుతుంది? పైగా తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గినవారికి మలద్వారంలో ఏది పెట్టినా గాయమై రక్తం కారవచ్చు, సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్ళవచ్చు. కీమో రోజుల్లో జ్వరానికి కూడా ఆ దారిన మందు పెట్టవద్దని మేము చెప్పేది అందుకే.

“బియ్యపు గింజంత” అంటే ఎంత?

మొదట బియ్యపు గింజలో సగమంత ఇవ్వాలని, తరువాత పెంచుకుంటూ పోవాలని ఆ ప్రచారంలో ఉంటుంది. వినడానికి చాలా చిన్న మోతాదులా అనిపిస్తుంది. ఒకసారి లెక్క వేద్దాం.

ఒక బియ్యపు గింజ బరువు సుమారు 20 నుండి 25 మిల్లీగ్రాములు. నూనెలో నూటికి 60 పాళ్ళు టి.హెచ్.సి. ఉందనుకుంటే, గింజంత నూనెలో 12 నుండి 15 మిల్లీగ్రాముల టి.హెచ్.సి. ఉంటుంది. అమెరికాలో డాక్టర్లు రాసే టి.హెచ్.సి. క్యాప్సూల్‌లలో అన్నిటికంటే చిన్నది 2.5 మిల్లీగ్రాములు. అంటే ఒక్క గింజంత నూనె అయిదారు క్యాప్సూళ్ళకు సమానం. ఒక గ్రాము నూనె 240 క్యాప్సూళ్ళకు సమానం!

పైగా ఇంట్లో తయారయ్యే నూనెలో ఎన్ని పాళ్ళు టి.హెచ్.సి. ఉందో ఎవరికీ తెలియదు. ఒక సీసాలో 20 పాళ్ళు ఉంటే మరో సీసాలో 80 ఉండవచ్చు. అలవాటు లేని వృద్ధుని మీద, అన్నం తినక చిక్కిపోయిన మనిషి మీద ఇది ఎలా పనిచేస్తుందో ముందుగా చెప్పలేము. తయారీకి వాడే పెట్రోలు జాతి ద్రవాలు కొంత అందులోనే మిగిలిపోవచ్చు. మొక్కకు చల్లిన పురుగుమందు కూడా నూనెతోపాటు చిక్కబడుతుంది. ఇంట్లో వండబోయి ఆవిర్లు అంటుకుని కాలిపోయినవారు వివిధ దేశాలలో ఉన్నారు.

ఇంతకూ క్యాన్సర్ తగ్గుతుందా?

సూటిగా చెప్పాలంటే, గంజాయి నూనె మనుషులలో క్యాన్సర్‌ను నయం చేస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. ఏ దారిన ఇచ్చినా ఇంతే.

ప్రయోగశాలలో, గాజు పాత్రలోని క్యాన్సర్ కణాల మీద టి.హెచ్.సి., సి.బి.డి. పోసినప్పుడు కొన్ని కణాలు చనిపోయిన మాట నిజం. ఎలుకలలో కూడా కొన్ని ఫలితాలు కనిపించాయి. కాని గాజు పాత్రలో పనిచేసినవన్నీ మనిషిలో పనిచేయవు. అందుకే మనుషులలో పరీక్షలు జరుగుతున్నాయి. మెదడు గడ్డ తిరగబెట్టినవారికి కీమోతోపాటు గంజాయి మందు కలిపి ఇచ్చే పరీక్ష ఒకటి బ్రిటన్‌లో 2023లో మొదలైంది. ఇలాంటి పరీక్షలకు బయట, క్యాన్సర్ చికిత్సగా గంజాయిని వాడవద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2024లో తన మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది.

నొప్పి, ఆయాసం, నీరసం వంటి బాధల మాటేమిటి? ముదిరిన క్యాన్సర్ ఉన్నవారికి మంచి ఉపశమన చికిత్సతోపాటు సి.బి.డి. నూనె ఇచ్చి ఆస్ట్రేలియాలో పరీక్షించారు. ఉత్తి నూనె ఇచ్చినవారికంటే సి.బి.డి. ఇచ్చినవారికి ఎక్కువ ఉపశమనం కలగలేదు.

మరి మందుగా ఏమీ పనికిరాదా? కొన్నిటికి పనికివస్తుంది. ఆ మాట కూడా చెప్పాలి.

● కీమో వల్ల వచ్చే వాంతులకు టి.హెచ్.సి. క్యాప్సూల్‌ను అమెరికా 1985లో అనుమతించింది. దాన్ని నువ్వుల నూనెలో కరిగించి, కొలిచి తయారుచేస్తారు. మామూలు వాంతి మందులు పనిచేయనప్పుడు వాడతారు.
● పిల్లలలో వచ్చే కొన్ని అరుదైన, మొండి ఫిట్స్ జబ్బులకు శుద్ధిచేసిన సి.బి.డి. ద్రవాన్ని 2018లో అనుమతించారు.
● మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో కండరాల బిగువుకు నోటిలో కొట్టే స్ప్రేను బ్రిటన్ 2010లో అనుమతించింది.

ఇవన్నీ ఎంత ఉందో కొలిచి తయారుచేసి, డాక్టరు చూస్తూ ఇచ్చే మందులు. సీసాలో ఎవరో తెచ్చి ఇచ్చే నల్లటి బంకకూ వీటికీ పోలిక లేదు.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

గుండె జబ్బు ఉన్నవారు: గుండె వేగం పెరుగుతుంది. లేచి నిలబడితే బి.పి. పడిపోతుంది.

వృద్ధులు: కళ్ళు తిరిగి పడి ఎముక విరుగుతుంది. రాత్రిపూట భ్రమపడి, మనుషులను గుర్తుపట్టక కేకలు వేయవచ్చు.

మానసిక జబ్బు ఉన్నవారు, కుటుంబంలో ఆ చరిత్ర ఉన్నవారు: అనుమానాలు, భయాలు పెరుగుతాయి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు: బిడ్డకు చేరుతుంది.

చిన్నపిల్లలు: రోగి కోసం తెచ్చిన నూనెను పిల్లలు చాక్లెట్ అనుకుని నాకితే స్పృహ తప్పి, ఊపిరి మందగించవచ్చు.

వేరే మందులతో కూడా చిక్కులున్నాయి. రక్తం పలచబడడానికి వాడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం కావచ్చు. మార్ఫిన్, నిద్రమాత్రలు, ఫిట్స్ మందులతో కలిస్తే మగత బాగా పెరుగుతుంది. ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు తీసుకుంటూ గంజాయి కూడా వాడినవారిలో ఆ చికిత్స సరిగా పనిచేయలేదని ఇజ్రాయెల్‌లో రోగులను గమనించిన డాక్టర్లు రాశారు. అది ఇంకా పూర్తిగా తేలని విషయమే. అయినా లక్షలు ఖర్చుపెట్టి చేయిస్తున్న చికిత్సను అనుమానంలో పెట్టుకోవడం దేనికి?

చట్టం ఏమంటుంది?

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం హాష్ ఆయిల్‌ను చరస్ కిందే లెక్కిస్తుంది. అది దగ్గర ఉండడమే నేరం. 100 గ్రాముల వరకు ఉంటే ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతకుమించితే పదేళ్ళ వరకు, ఒక కిలో నుండి ఇరవై ఏళ్ళ వరకు శిక్ష ఉంది. “మా నాన్నగారి జబ్బు కోసం తెచ్చాను” అంటే నేరం కాకుండా పోదు. గంజాయి ఆకు ఈ చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రాదు. లైసెన్సు ఉన్న కంపెనీలు ఆకుతో తయారుచేసే ఆయుర్వేద మందులను “విజయ” అనే పేరుతో వైద్యుల చీటీ మీద అమ్ముతున్నారు. వాటిలోనూ మత్తు పదార్థం ఉండవచ్చు గనుక, వాడదలచుకుంటే మీ క్యాన్సర్ డాక్టరుకు చూపించి అడగండి.

ఇప్పటికే ఇచ్చి ఉంటే

1. మాతో చెప్పండి. ఏమి ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎన్ని గంటలకు, ఏ దారిన ఇచ్చారు అనే నాలుగు సంగతులు మాకు ముఖ్యం. మేము అడిగేది వైద్యం కోసమే గాని మిమ్మల్ని తిట్టడానికి కాదు.
2. ఇంకొంచెం ఇవ్వకండి. తరువాతి మార్ఫిన్ మోతాదు, నిద్రమాత్ర కూడా నర్సును అడగకుండా ఇవ్వకండి.
3. మగతగా ఉంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు, మజ్జిగ, నిమ్మరసం పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించకండి.
4. భయపడుతుంటే వెలుతురు తగ్గించి, పక్కనే కూర్చుని, చేయి పట్టుకుని మాట్లాడండి. ఒంటరిగా నడవనివ్వకండి.
5. పిలిచినా పలకకపోతే, ఊపిరి నెమ్మదిస్తే, ఛాతీ నొప్పి వస్తే, ఫిట్స్ వస్తే, వాంతులు ఆగకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లలు మింగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా తీసుకురండి.

దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదు. మత్తు దిగేదాకా ఊపిరి, బి.పి. చూసుకుంటూ కాపాడడమే వైద్యం.

నొప్పికి మరి ఏమి ఉంది?

నూనె కోసం వెతికే చాలామంది నిజానికి వెతికేది నొప్పి తగ్గే మార్గం కోసమే. ఆ మార్గం ఉంది. క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మాత్ర ప్రపంచమంతటా వాడుతున్న మందు. సాధారణ మాత్రను నాలుగు గంటలకు ఒకసారి, గడియారం చూసి ఇవ్వాలి. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. మలబద్ధకం వస్తుంది కాబట్టి విరేచనం మందు కూడా దానితోపాటు ఇస్తాము. డాక్టరు చెప్పిన ప్రకారం నొప్పికి వాడితే వ్యసనం అవుతుందన్న భయం అక్కరలేదు. “మార్ఫిన్ మొదలుపెట్టారంటే ఇక చివరి రోజులే” అన్నది కూడా అపోహే. నొప్పి తగ్గాక లేచి కూర్చుని, మనవలతో మాట్లాడి, నాలుగు ముద్దలు తిన్నవారిని మేము రోజూ చూస్తున్నాము.

మార్ఫిన్ దొరకడం సులువు చేయడానికి 2014లో చట్టాన్ని సవరించారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో, తెలంగాణ జిల్లా ఆసుపత్రులలోని పాలియేటివ్ కేర్ కేంద్రాలలో నొప్పికి చికిత్స చేస్తారు. వాంతులకు ఒండాన్‌సెట్రాన్, ఓలాంజపిన్, డెక్సామెథసోన్ వంటి మంచి మందులు ఉన్నాయి. ఆకలి లేకపోవడానికి నోటి పుండా, మలబద్ధకమా, దిగులా అని కారణం చూసి వైద్యం చేయవచ్చు.

ఒక్క విషయం మాత్రం మరచిపోవద్దు. నూనె మీద నమ్మకంతో కీమో, రేడియేషన్, ఆపరేషన్ మానేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. తొలిదశలో నయమయ్యే గడ్డ ఆ మూడు, నాలుగు నెలలలో చేయి దాటిపోవచ్చు.

నొప్పి తగ్గడం లేదని మీకనిపిస్తే డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను పిలవండి, రాత్రి రెండు గంటలైనా సరే. మీ చేతిలో సీసా ఉంటే దాన్ని కూడా వెంట తీసుకుని రండి.